వేసవి ఆంగ్ల శిబిరములు - గ్రంథాలయ ధర్మము



ఒక గ్రామ గ్రంథాలయము 25 సంవత్సరములపాటు తలుపులు మూయక నిలుచుట సామాన్య విషయము కాదు. ఉత్సవదినమున గడచిన కాలమును స్మరించుట ఆచారము. దానితోపాటు రాబోవు కాలమున ఈ సంస్థ చేయదగిన పనిని ఒక్కదానినైనను నిర్ణయించుకొనుట ఉచితము. అట్టి పని యొకటి నేడు ప్రతి యింటి అరుగుమీదను చర్చకు వచ్చుచున్నది. అది పిల్లల ఆంగ్లము. అందుకొరకు వేసవిలో జరుగు స్వల్పకాలిక భాషాశిబిరముల వలన నిజముగా కలుగు లాభమెంత, ఆ లాభము నిలుచుటకు గ్రంథాలయము చేయవలసినదేమి అనునదే ఈ ప్రసంగ విషయము.

వేసవి సెలవులు రాగానే పట్టణములలో గోడలమీద ప్రకటనలు వెలయును. పది దినములలో ఆంగ్లము ధారాళముగా మాటాడింతుమని కొందరు, పదునైదు దినములలోనని మరికొందరు వాగ్దానము చేయుదురు. కూలి చేసికొని బ్రతుకు తండ్రి సైతము, అప్పు చేసియైనను ఆ రుసుము చెల్లింపవలెనా యని ఆలోచనలో పడును. ఆయన ఆత్రమునకు కారణము లేకపోలేదు. తెలంగాణమున ప్రభుత్వ పాఠశాలలలో 2022-23 విద్యాసంవత్సరమునుండి ఒకటవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడినది. ఆంధ్రప్రదేశమున 2019లో ప్రభుత్వము అట్టి నిర్ణయమే చేయగా ఆ వివాదము న్యాయస్థానముల వరకు పోయినది. ఏ మాధ్యమము మేలైనదను ప్రశ్నను పండితులు చర్చించుకొందురు గాక! పుస్తకము చేతబట్టుకొని ఇంటికి వచ్చిన బాలుడు ఆ చర్చ ముగియువరకు ఆగలేడు. పుటలోని మాట అర్థము కాక, అడుగుటకు ఇంటిలో తెలిసినవారు లేక, తరగతిలో అడుగుటకు సిగ్గుపడి, వాడు క్రమముగా నోరు విప్పుటయే మానివేయును. ఇందలి అసలు నష్టము ఆ మౌనమే. ఆంగ్లము రాదు గనుక తనకు తెలివి లేదని నమ్మిన పిల్లవాడు లెక్కలలోను, విజ్ఞానశాస్త్రములోను సైతము వెనుకబడును. ఆ నమ్మకమును పోగొట్టుటకు పది దినములు చాలునా? చాలునేని ఎట్లు? చాలదేని తక్కిన పని ఎవరిది?

అన్యభాష నేర్చుటకు ఆ భాష నడుమ నివసించుట మేలైన మార్గమని పూర్వులు ఎరుగుదురు. గురుకులవాస మనగా పాఠము వినుటతో ముగియునది కాదు. గురువుగారి ఇంట నిద్ర లేచినది మొదలు పరుండు వరకు ఆ విద్యకు సంబంధించిన మాటలే చెవిని పడుచుండును. నీరు తెచ్చుచు శబ్దరూపములు వల్లించుట, పూలు కోయుచు అమరకోశమును అప్పగించుట ఆనాటి పద్ధతి. నేటి శిబిరము ఆ పద్ధతికే చిన్న రూపము.

ఇందుకు తెలుగుదేశ చరిత్రలోనే తారుమారైన ఉదాహరణ మొకటి కలదు. నేడు తెలుగు బాలురు ఆంగ్లమునకై శ్రమపడుచుండగా, ఒకప్పుడు ఆంగ్ల యువకులు తెలుగునకై శ్రమపడిరి. 1812లో మద్రాసున సెంట్ జార్జి కోట కళాశాల నెలకొల్పబడినది. ఇంగ్లండునుండి కంపెనీ కొలువునకు వచ్చిన యువకులకు దేశభాషలు నేర్పుట దాని పని. 1817లో మద్రాసు చేరిన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను అచ్చటనే తెలుగు నేర్చి, 1820లో కడపకు ఉద్యోగియై వచ్చెను. కళాశాలలో కలిగినది ఆరంభము మాత్రమే. ఆ తరువాత కచ్చేరీలో రైతుల మాటలు వినుచు, పండితులను చేరదీసి కావ్యములు చదివించుకొనుచు, తాళపత్ర ప్రతులను సేకరించుచు గడపిన కాలమే ఆయనకు తెలుగును స్వాధీనము చేసినది. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడినది. మద్రాసున అడుగిడిన నాటికిని, నిఘంటువు వెలువడిన నాటికిని నడుమ 35 సంవత్సరములు గడచినవి. కళాశాల తలుపు తెరచినది. ఇల్లు నింపినవి గ్రంథములు. ఈ వరుసను జ్ఞాపకముంచుకొనినచో తక్కిన విషయమంతయు సులభముగా బోధపడును.

పిల్లలకొరకు భాషాశిబిరములు నడుపు పద్ధతి గడచిన అరువదియేండ్లలో అనేక దేశములకు వ్యాపించినది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున కంకార్డియా కళాశాలవారు 1961లో పిల్లలకు వేసవి శిబిరము ప్రారంభించిరి. మొదట నేర్పినది జర్మను భాష. క్రమముగా అనేక భాషలు చేరినవి. చెరువుగట్టున, అడవి నడుమ, దూరదేశపు పల్లెను కల్పించి అందు పిల్లలను ఉంచుట వారి పద్ధతి. శిబిరమున అడుగిడిన బాలుడు ఆ భాషలో క్రొత్తపేరు పెట్టుకొనును. భోజనము, పాట, ఆట అన్నియు ఆ భాషలోనే. క్రొత్తపేరు పెట్టుకొనుటలో ఒక యుక్తి ఉన్నది. తప్పు మాటాడినది ఆ క్రొత్తపేరువాడు గాని తాను కాడన్నట్లు పిల్లవానికి ధైర్యము కలుగును. నాటకమున వేషము కట్టినవాడు సభాపిరికితనము మరచుట ఎట్టిదో ఇదియు అట్టిదే.

ఈ పద్ధతిని ఆంగ్లము కొరకు మిక్కిలి పెద్దయెత్తున ప్రయోగించినది దక్షిణ కొరియా దేశము. అచ్చటి తల్లిదండ్రుల ఆంగ్లమోహము లోకప్రసిద్ధము. బిడ్డలకు ఆంగ్లము అలవడవలెనని భార్యను పిల్లలను పరదేశమునకు పంపి, తాము ఒంటరిగా స్వదేశమున ఉండి సంపాదించి పంపు తండ్రులు అచ్చట అనేకులు. వారిని ఆ దేశమువారు అడవిబాతు తండ్రులని పిలుతురు. ఋతువునకొకసారి ఎగిరిపోయి బిడ్డలను చూచివచ్చు వారగుటచే ఆ పేరు. ఇట్టి వియోగము లేకుండ, స్వదేశముననే ఆంగ్లదేశమును నిర్మింతమను తలంపుతో అచ్చటి ప్రభుత్వములు ఆంగ్లగ్రామములను కట్టించినవి. గ్యొంగి రాష్ట్రమువారు 2004లో ఆన్సాన్ అనుచోట మొదటి గ్రామమును, 2006లో పాజు అనుచోట మరింత పెద్ద గ్రామమును తెరచిరి. ద్వారమున దేశప్రవేశానుమతి ముద్ర వేసెడివారు. లోపల అంగడి, బ్యాంకు, తపాలాకచ్చేరీ, రక్షకభట నిలయము మొదలగునవి ఉండెడివి. వానియందు మాటాడువారు ఆంగ్లభాషీయులు. పాఠశాల పిల్లలు కొన్ని దినములు అచ్చట నివసించి, వస్తువు కొనవలెనన్నను, దారి అడుగవలెనన్నను ఆంగ్లముననే పలుకవలసియుండెను.

ఫలితమేమైనది? పిల్లలు సంతోషముగా వచ్చిరి, సంతోషముగా పోయిరి. అన్యదేశీయుని ఎదుట నిలిచి నాలుగు మాటలు పలికితిమను ధైర్యము వారికి కలిగినది. అయితే భవనములు, జీతములు, నిర్వహణ వ్యయము మోయరాని భారమై, అనేక గ్రామములకు నష్టములు వచ్చినవి. కొన్ని మూతబడినవి, కొన్ని ఇతర కార్యములకు మార్చబడినవి. పాజు గ్రామము సైతము తరువాతి కాలమున ఇతర విద్యాకార్యములకు మార్చబడినది. ఈ లోపల జపానువారు ఇదే తలంపును మరియొక తీరున అనుసరించిరి. 2018లో టోక్యో నగర విద్యాశాఖ నగరమున ఒక ఆంగ్లాభ్యాస నిలయమును తెరచినది. అచ్చటికి పాఠశాలల పిల్లలు దినమునకో పూటకో వచ్చి, చిన్నచిన్న జట్లుగా ఏర్పడి, జట్టునకొక మార్గదర్శకునితో విమానములోను, హోటలులోను, అంగడిలోను మాటాడు అభ్యాసము చేయుదురు. పిల్లలు అచ్చట నివసింపనక్కరలేదు. పూట గడచిన పిమ్మట తమ తరగతికే తిరిగిపోవుదురు. ఇట్లు శిబిరము పాఠశాలతో ముడిపడినది.

ఈ దేశముల అనుభవము నుండి తేలిన సారాంశ మొక్కటే. స్వల్పకాలిక శిబిరము నోరు తెరపించును. తెరచిన నోటికి మాటలు సమకూర్చు పని దాని శక్తికి మించినది.

నోరు తెరపించుట చిన్న పని యని తలంపరాదు. తెలుగు బాలునకు ఆంగ్లము మాటాడుటలో కలుగు చిక్కులను గమనించినచో ఆ పని విలువ తెలియును. మొదటిది ఉచ్చారణము. తెలుగు మాటలు స్వరాంతములు. కావున బస్సు, బుక్కు, టిక్కెట్టు అని చివర అచ్చు చేర్చి పలుకుట తెలుగు నాలుకకు సహజము. దానిని చూచి నవ్వినవారు భాషాస్వభావము నెరుగనివారే. రెండవది వాక్యక్రమము. తెలుగున క్రియ చివర వచ్చును. ఆంగ్లమున కర్తను వెన్నంటి వచ్చును. బాలుడు వాక్యమును మనస్సులో త్రిప్పి కూర్చుకొనులోపల ఎదుటివాడు ఓర్పు కోల్పోవును. మూడవది లింగభేదము. తెలుగున ఆవు వచ్చినది, అమ్మాయి వచ్చినది అని రెంటికి ఒకటే క్రియ. ఆంగ్లమున స్త్రీకి వేరు సర్వనామము, పశువునకు వేరు సర్వనామము. పొరపాటు జరుగుట సహజము.

నాలుగవ చిక్కు వ్యాకరణమున కనబడదు. తెలుగు పిల్లవాడు తండ్రితోను, ఉపాధ్యాయునితోను మాటాడునపుడు మీరు అనును. చెలికానితో నీవు అనును. ఆంగ్లమున ఇద్దరికి యూ అను ఒక్క మాటయే. మర్యాద తెలిసిన బిడ్డ పెద్దవారి ఎదుట ఆ మాట పలుకుటకు లోలోపల జంకును. గౌరవమును ఎచ్చట చేర్చవలెనో వానికి తోచదు. దయచేసి, క్షమింపుడు, వందనములు అను అర్థములు గల మాటలలోను, కంఠస్వరములోను ఆంగ్లేయులు ఆ గౌరవమును నింపుదురని చెప్పువారుండవలెను. ఇట్టి జంకును పోగొట్టుటకు తరగతి తగిన చోటు కాదు. అచ్చట పరీక్ష ఉన్నది, మార్కులున్నవి, నవ్వు తోటివారున్నారు. శిబిరమున ఆట ఉన్నది. ఆటలో తప్పు తప్పుగా తోచదు. అందుచే వారమో పక్షమో నడచిన మంచి శిబిరము, సంవత్సరములుగా బిగిసిన నోటిని విప్పగలదు. దాని గొప్పతన మంతయు అందున్నది.

ఇక దాని పరిమితి. దీనిని లెక్కవేసి చూచుటయే న్యాయము. శిబిరము 12 దినములు, దినమునకు 4 గంటలు జరిగినదనుకొందురు గాక. మొత్తము 48 గంటలు. పరిచిత విషయములమీద చిన్న వాక్యములు మాటాడు ప్రథమస్థాయికి చేరుటకు, ఓనమాలు మొదలుకొని సుమారు 180 నుండి 200 గంటల శిక్షణము కావలెనని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరీక్షాశాఖవారి అంచనా. ప్రయాణములలోను, పనిపాటులలోను స్వతంత్రముగా వ్యవహరించు తరువాతి స్థాయికి 350 నుండి 400 గంటలు కావలెను. కనుక 48 గంటల శిబిరము మొదటి మెట్టులోనే నాలుగవ వంతు. పది దినములలో ధారాళము అను ప్రకటనకు జమాఖర్చు ఎంత కుదురునో సభ్యులే గ్రహింపగలరు. ఆ నాలుగవ వంతైనను నిలుచునా యనునది మరియొక ప్రశ్న. నేర్చినదానిని మరల తలపునకు తెచ్చుకొననిచో అధికభాగము తొలిదినములలోనే జారిపోవునని జర్మను శాస్త్రజ్ఞుడు ఎబ్బింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగము చేసికొని 1885లో ప్రకటించెను. శిబిరము మే మాసమున ముగిసి, జూను మాసమున పిల్లవాడు మరల మౌనమున పడినచో, తండ్రి చెల్లించిన రుసుము ఖర్చు పద్దున మిగులును. జమ పద్దున ఏమియు నిలువదు.

రెండవ లెక్కను చూడవలెను. ఒక బాలిక దినమునకు అర్ధగంట, సంవత్సరమునకు 300 దినములు, తనకు నచ్చిన చిన్న ఆంగ్ల కథాపుస్తకములు చదివినదనుకొందురు గాక. సంవత్సరమునకు 150 గంటలగును. రెండు సంవత్సరములకు 300 గంటలు. శిక్షణమునకు, చదువునకు భేదము కలదు గనుక రెంటిని గంటకు గంటగా సరిపోల్చరాదు. అయినను ఏది ఎంత విస్తారమో తెలిసికొనుటకు ఈ లెక్క చాలును. ఈ 150 గంటలకు రుసుము లేదు. కావలసినవి పుస్తకములు, దీపము, కూర్చుండుటకు చోటు, ఆదరముతో పలుకరించు గ్రంథపాలకుడు. ఈ నాలుగును ఇప్పటికే సమకూరిన చోటు గ్రామమున ఒక్కటే.

ఇది ఊహ యని ఎవరైన శంకింతురేమో. అట్టి శంకకు ఫిజీ దీవులనుండి సమాధానము వచ్చినది. ఆ దీవుల పేరు తెలుగువారికి క్రొత్త కాదు. 1903 నుండి 1916 వరకు మద్రాసు రేవునుండి కూలి ఒప్పందముమీద ఓడలెక్కి ఫిజీ చెరకుతోటలకు పోయినవారిలో తెలుగువారు అనేకులు. ఆ దీవులలో పిల్లలు ఇంటిలో ఫిజీ భాషయో, అచ్చటి హిందీయో మాటాడుదురు. పాఠశాలలో ఆంగ్లము నేర్తురు. పల్లె పాఠశాలలలో పుస్తకములు మిక్కిలి అరుదు. వార్విక్ ఎల్లీ, ఫ్రాన్సిస్ మంగూభాయి అను ఇద్దరు పరిశోధకులు అచ్చట ఒక పరీక్ష జరిపి, 1983లో ఫలితములు ప్రకటించిరి. వారు ఎనిమిది పల్లె పాఠశాలలలో నాలుగవ, ఐదవ తరగతుల పిల్లలు 380 మందిని ఎన్నుకొని, తరగతికి 250 చొప్పున బొమ్మల ఆంగ్లకథల పుస్తకములు ఇచ్చిరి. కొన్ని తరగతులలో ఉపాధ్యాయుడు కథను పిల్లలతో కలిసి చదివి మాటాడించెను. మరికొన్నింట పిల్లలు తమకు నచ్చిన పుస్తకమును మౌనముగా చదువుకొనిరి. మరియొక 234 మంది పిల్లలకు మామూలు పాఠములే నడచినవి. ఎనిమిది మాసములు గడచిన పిమ్మట పరీక్షింపగా, కథలు చదివిన పిల్లలు చదువుటయందును, విని గ్రహించుటయందును సాధారణ వేగమునకు రెట్టింపు వేగముతో ముందుకు సాగిరని తేలినది. ఇరువది మాసములకు ఆ లాభము మరింత పెరిగి భాషయందలి ఇతర నైపుణ్యములకు సైతము వ్యాపించినది. వారు కొత్త భవనములు కట్టలేదు. ఇంగ్లండునుండి మాటాడువారిని రప్పింపలేదు. పిల్లలకు నచ్చిన కథలను పిల్లల చేతికి అందునట్లు ఉంచిరి. ఉపాధ్యాయులకు కొద్దిపాటి శిక్షణ మిచ్చిరి.

కొరియా అనుభవమును, ఫిజీ అనుభవమును ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో ఈ గ్రంథాలయమునకు త్రోవ దొరకును. వేసవిలో చిన్న శిబిరము. తక్కిన సంవత్సరమంతయు పుస్తకములు. శిబిరము నారుమడి వంటిది. నారుమడిలోనే పైరు పండునని ఏ రైతును నమ్మడు. నారు పీకి నాటుటకు పొలము సిద్ధముగా ఉండవలెను. ఆ పొలము గ్రంథాలయము.

అట్టి శిబిరము ఎట్లుండవలెనో కొంత వివరించుట అవసరము. పిల్లల సంఖ్య 24కు మించరాదు; ఎనిమిదేసి మంది చొప్పున మూడు జట్లు చాలును. మొదటి దినమున ఏమియు నేర్పరాదు. పిల్లలకు ఇప్పటికే తెలిసిన ఆంగ్లపదములను వారిచేతనే చెప్పించి పలకమీద వ్రాయవలెను. బస్సు, రైలు, స్కూలు, బెంచి, పెన్సిలు, డాక్టరు, బ్యాంకు, మోటారు, కరెంటు, ఫోను అని మొదలిడినచో గంటలోపల నూరు మాటలైనను తేలును. తనకు ఆంగ్లము రాదని వచ్చిన బిడ్డ, తన ఇంటిలోనే నూరు మాటలు తిరుగాడుచున్నవని తెలిసికొని తల యెత్తును. ఆ మాటల తోకలోని అచ్చును తీసి పలుకుట రెండవ దినపు ఆట. తరువాతి దినములలో లెమ్ము, కూర్చుండుము, తలుపు తెరువుము అను ఆజ్ఞలను ఆంగ్లమున విని చేయు ఆటలు ఆడవలెను. పిల్లవాడు పలుకుటకు ముందు వినవలెను. తొలిదినములలో నోరు మెదపనివానిని తొందరపెట్టరాదు. తల్లి ఒడిలోని శిశువు సైతము ఏడాదిపాటు వినిన పిమ్మటనే మాట నేర్చును.

శిబిరమునకు కావలసిన అంగడిని ప్రత్యేకముగా కట్టనక్కరలేదు. వారపు సంత ఉన్నది. వంకాయలు, బెండకాయలు, ఉప్పు, పప్పు తెచ్చి వరండాలో పరచి, ఒక జట్టు అమ్మువారు, ఒక జట్టు కొనువారు, ఒక జట్టు లెక్కవ్రాయువారు అగుదురు గాక. బస్సు నిలుచుచోటు, తపాలాకచ్చేరీ, బ్యాంకు, ఆసుపత్రి వీనిలో జరుగు మాటలను ఈ తీరుననే ఆడింపవచ్చును. సాయంకాలము ఒక కథ. ఆ కథ పిల్లలకు మునుపే తెలిసినదైనచో మేలు. పంచతంత్రమునందలి కోతి, మొసలి కథను తెలుగున ఎరిగిన బిడ్డ దానిని ఆంగ్లమున వినునపుడు కథకొరకు తడుముకొనడు. మనస్సంతయు మాటలమీద నిలుచును. తెలుగున సంపాదించిన జ్ఞానము ఆంగ్లమునకు పెట్టుబడియగుట ఇట్లే.

కావున తెలుగును నిషేధించు శిబిరము తన మూలధనమును తానే పారవేసికొనును. తెలుగు మాట పలికిన పిల్లవానికి జరిమానా వేయుట, మెడలో పలక కట్టుట వంటి పనులు కొన్నిచోట్ల క్రమశిక్షణ పేరిట జరుగుచున్నవి. వానివలన ఆంగ్లము రాదు. తల్లి మాట సిగ్గుపడదగినదను భావము మాత్రము కలుగును. భాషకొరకు తల్లినే చిన్నచూపు చూడ నేర్చిన బిడ్డకు ఏ భాషయు శోభ నీయదు. ఆంగ్లము మాటాడు గంట ఆంగ్లమునకే ఉండవలెను. సందేహము తీర్చునపుడు తెలుగు వాడవలెను. రెండు భాషల నడుమ హద్దురాయి పాతవచ్చును, కంచె వేయరాదు.

నేర్పువారెవరు? ఆంగ్లదేశీయులు రానక్కరలేదు. గ్రామమునుండి పోయి కళాశాలలలో చదువుచున్న యువతీయువకులు వేసవిలో ఇండ్లకు వత్తురు. వారిలో ఆరుగురు ముందుకు వచ్చినచో చాలును. పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయులు వారికి తోడుండవలెను. వారి ఉచ్చారణము లండను ఉచ్చారణమువలె ఉండకపోవచ్చును. అన్న కష్టపడి నేర్చినదానిని తమ్ముడు చూచుట వలన కలుగు నమ్మకము మరి ఎందువలనను కలుగదు. వారు పాటింపవలసిన నియమము ఒకటి మాత్రము కలదు. పిల్లవాడు వాక్యమును ముగింపకముందు తప్పు దిద్దరాదు. ముగిసిన పిమ్మట అదే వాక్యమును తాము సరిగా పలికి ఊరకుండవలెను. వాడు విని గ్రహించును.

పుస్తకముల విషయమున నేడు కొరత చెప్పుకొనుటకు వీలులేదు. 1957లో స్థాపితమైన నేషనల్ బుక్ ట్రస్టువారు పిల్లల బొమ్మల పుస్తకములను తెలుగునను, ఆంగ్లమునను ప్రకటించుచున్నారు. 2004లో ప్రారంభమైన ప్రథమ్ బుక్స్ సంస్థవారు స్వల్పమూల్యమునకు రెండు భాషలలో కథలు అందించుచున్నారు. వారి స్టోరీవీవర్ అను నిధినుండి 2015 మొదలుకొని అనేక భాషలలో కథలను ఉచితముగా పొందవచ్చును. ఒకే కథను తెలుగున ఒక ప్రతి, ఆంగ్లమున ఒక ప్రతి చేర్చి జంటగా బీరువాలో ఉంచవలెను. బాలిక తెలుగు ప్రతిని అమ్మమ్మకు చదివి వినిపించును; ఆంగ్ల ప్రతిని తాను చదువుకొనును. ఒక్క పుస్తకమున రెండు తరములకు ప్రయోజనము.

శిబిరము ముగియు దినమున బహుమానములు పంచుటకంటె ముఖ్యమైన పని యొకటి కలదు. ప్రతి బిడ్డ పేరును గ్రంథాలయ సభ్యత్వ పట్టికలో వ్రాసి, మొదటి పుస్తకమును ఆ దినముననే చేతికీయవలెను. వారమునకొక పుస్తకము, ఆదివారము ఒక గంట కలిసి చదువుట. చదివిన పుస్తకమునకు ఖాతాలో ఒక గీత. తప్పుల పట్టిక ఉంచరాదు, మార్కులు వేయరాదు. ఆడపిల్లలకు చీకటి పడకముందే గంట నియమింపవలెను. వ్యవసాయపు పనుల దినములలో పిల్లలు రాలేకపోవచ్చును. పేరు కొట్టివేయక వేచియుండవలెను. సంవత్సరాంతమున ఆ ఖాతాను తెరచి చూచినచో శిబిరము ఫలించినదో లేదో ఆ గీతలే చెప్పును. శిబిరము ముగిసిన సభలో పిల్లలు అప్పగించిన పద్యములనుబట్టి నిర్ణయించుట తొందరపాటు అగును.

రుసుము విషయము. ఈ శిబిరమునకు రుసుము ఉంచరాదు. ఉంచినయెడల అవసరము ఎక్కువగా ఉన్న బిడ్డయే వెలుపల నిలిచిపోవును. వ్యయము కూడ స్వల్పమే. పలకలు, కాగితములు, పుస్తకములు, మధ్యాహ్నమున మజ్జిగ. ధనవంతులు పెండ్లిండ్లలో పందిళ్లకు చేయు వ్యయములో స్వల్పభాగము దీనికి చాలును. పందిరి మూడు దినములకు విప్పబడును. చదువు నేర్చిన నోరు మరల మూతబడదు.

తెలుగుదేశ గ్రంథాలయోద్యమమునకు ఇట్టి పని క్రొత్తది కాదు. 1886లో విశాఖపట్టణమున గ్రంథాలయము వెలసినది మొదలు, 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపితమైనది మొదలు, ఈ ఉద్యమము ప్రజలకు కాలమునకు తగిన జ్ఞానమును అందించుచునే వచ్చినది. 1935లో కృష్ణా కాలువపై కొల్లూరు, పెదవడ్లపూడి గ్రామముల నడుమ పడవలో గ్రంథాలయము నడపిరి. ఆనాటివారు పాఠకుడు రాకున్నచో పుస్తకమునే పడవ ఎక్కించి అతని రేవునకు చేర్చిరి. ఆనాడు అందనిది దినపత్రిక, చరిత్ర, నవల. నేడు పల్లె బిడ్డకు అందనిది ఆంగ్లము. దానిని అందించుట తెలుగునకు ద్రోహము కానేరదు. తెలుగు కథతో ఆరంభించి, తెలుగు మాటతో సందేహము తీర్చి, తెలుగు ప్రతిని ప్రక్కన ఉంచి నేర్పిన ఆంగ్లము తెలుగునకు చెల్లెలై ఇంటిలో తిరుగును.

కార్యవర్గమువారు వచ్చు వేసవికి ఈ పనిని పూనుకొందురు గాక. తల్లిదండ్రులు గోడమీది వాగ్దానమునకు అప్పు చేయుటకు ముందు ఈ వరండాలోని బల్లలను ఒకసారి చూతురు గాక. కళాశాల విద్యార్థులు తమ సెలవులలో పన్నెండు దినములను తమ్ములకు, చెల్లెండ్రకు ధారపోయుదురు గాక. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును జరుపుకొను నాటికి, నేడు వెనుకవరుసలో తల వంచుకొని కూర్చున్న బిడ్డలలో ఒకరు వేదిక నెక్కి, తెలుగునను ఆంగ్లమునను జంకు లేక ప్రసంగింతురు గాక.

స్వస్తి.